రంగం వెళ్లి మిలిటరీలో చేరి, జ్వరంతో పోయిన ముత్తాత ఆచూకీ పట్టడం ఎలా

గుంటూరు, తెనాలి, బాపట్ల, బెజవాడ వైపు చాలా ఇళ్లలో ఒక ముత్తాతో పెదతాతో ఉంటాడు. రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్లాడు, అక్కడే మిలిటరీలో చేరాడు, మళ్లీ రాలేదు. ఎలా పోయాడని అడిగితే "జ్వరమొచ్చి పోయాడంట" అంటారు, గొంతు కాస్త తగ్గించి. తుపాకీ గుండుకి పోతే ఒక లెక్క, జ్వరానికి పోతే ఇంకో లెక్క అన్నట్టు. అందుకే వెతకాలనుకున్న మనవలు కూడా "యుద్ధంలో పోలేదుగా, ఏ జాబితాలో ఉంటాడులే" అని వదిలేస్తుంటారు.

అక్కడే పొరబాటు. జబ్బుతో పోయినవాడి జాడ దొరకడమే చాలాసార్లు తేలిక. కొండల్లో కాల్పుల్లో పడిపోయిన మనిషిని ఎవరు చూశారో, ఎక్కడ పూడ్చారో తెలియదు. జ్వరంతో పోయిన మనిషి మాత్రం ఎక్కువసార్లు ఒక ఆస్పత్రి మంచం మీద, ఒక నంబరుతో, ఒక తేదీన పోయాడు. కాబట్టి యుద్ధాన్ని కాదు, ఆస్పత్రిని వెతకాలి.

ముందు రూలు తెలుసుకోండి. రెండు ప్రపంచ యుద్ధాల్లో పోయిన మన సైనికుల పేర్లు కూడా చూసేది కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్. 1917లో పెట్టారు. దాని లెక్కలో మొదటి యుద్ధమంటే 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 దాకా. రెండోదంటే 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 దాకా. ఈ తేదీల మధ్య సర్వీసులో ఉండగా పోతే చాలు, ఎలా పోయాడన్నది అడగరు. మలేరియా అయినా, కలరా అయినా, లారీ బోల్తా పడినా, పాము కరిచినా ఒకటే. యుద్ధం ఆగిపోయాక 1946లో ఆస్పత్రిలో పోయినవాడు కూడా లెక్కలోకి వస్తాడు. కమిషన్ వెబ్‌సైటులో వెతకడానికి డబ్బేమీ కట్టక్కర్లేదు.

అయితే వెబ్‌సైటు తెరిచే ముందు ఇంట్లో బీరువా తెరవండి. కావాల్సింది సర్వీసు నంబరు. పేరుతో వెతికితే పదిమంది సుబ్బయ్యలొస్తారు, నంబరుంటే అందులో మనవాడెవరో తేల్చుకోవచ్చు. నంబరు ఉండే చోటు మెడల్ అంచు. రెండో యుద్ధంలో ఇంగ్లండు వాళ్ల సైనికులకి ఇచ్చిన మెడల్స్ మీద పేరు వేయలేదు కానీ, మన ఇండియన్ ఆర్మీ వాళ్లకి ఇచ్చినవాటి మీద వేశారు. గుండ్రటి వార్ మెడల్‌కైతే అంచు చుట్టూ, ఆరు కోణాల నక్షత్రానికైతే వెనక వైపు నంబరు, ర్యాంకు, పేరు, దళం పొట్టి అక్షరాల్లో వరసగా ఉంటాయి. మెడల్‌ని నిలువుగా పట్టుకుని, లైటు పక్కనుంచి పడేట్టు చూసి, ఫోన్ కెమెరాతో దగ్గరగా అంచు తిప్పుతూ నాలుగైదు ఫోటోలు తీయండి. చింతపండు పెట్టి మాత్రం తోమకండి. పండగ పండక్కీ ఇత్తడి సామానుతో పాటు తోమేసి అంచు నున్నగా అరగదీసిన ఇళ్లు ఉన్నాయి, ఇక ఆ నంబరు ఎవరూ చదవలేరు.

మొదటి యుద్ధానిదైతే మెడల్ మీద ఐదో జార్జి తల ఉంటుంది. వెండిదైతే సిపాయి అయ్యుండొచ్చు, కంచుదైతే కూలీ దళంలోనో, సైన్యం వెంట వెళ్లిన వంటవాళ్లు, బరువులు మోసేవాళ్లు లాంటివాళ్లలోనో ఉండి ఉంటాడు. వాళ్లూ లెక్కలోని వాళ్లే. ఇంకో వస్తువు కూడా చూడండి: అరచేతికంటే కాస్త పెద్దది, దాదాపు 12 సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న బరువైన కంచు బిళ్ల, మీద నిలబడ్డ స్త్రీ, పక్కన సింహం. మొదటి యుద్ధంలో పోయినవాళ్ల ఇంటికి పంపింది అది. జబ్బుతో పోయినా పంపారు. దాని మీద పేరుంటుంది, ర్యాంకు ఉండదు.

ఇక పేర్లు, ఊళ్లు. ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. చేర్చుకునే గుమాస్తాకి తెలుగు రాదు. చెవికి ఎలా వినిపిస్తే అలా రాశాడు. ఇంటిపేరు ఉంటే ఒక అక్షరమై ముందు నిలబడుతుంది, లేదా పూర్తిగా పోతుంది. నాయుడు, రెడ్డి లాంటివి ఇంటిపేరు గడిలోకి వెళ్తాయి. సుబ్బయ్య చివర 'అయ్య' బదులు 'అయా' అని, 'ఐహ్' అని రకరకాలుగా ఉంటుంది. వెంకట, వీర లాంటివి ఒక్కోసారి 'వ'కి రెండు రకాల ఇంగ్లీషు అక్షరాలతో. కాబట్టి వీలైనన్ని రాతలు కాగితం మీద రాసుకుని ఒక్కోటీ కొట్టి చూడాలి. ఏ దేశ సైన్యం, ఏ దళం అన్న గడులు ఖాళీగా వదిలేయండి. వడపోత ఎక్కువైతే మన మనిషే జారిపోతాడు.

రెండో యుద్ధం జాబితాల్లో చాలామందికి అదనపు వివరం అని ఒక వాక్యం ఉంటుంది: ఫలానా వాళ్ల కొడుకు, ఫలానా ఆమె భర్త, ఫలానా ఊరు. ఆ గడిలో ఊరి పేరుతో వెతకొచ్చు. ఇక్కడ పాత పేర్లు వాడాలి. విజయవాడ అని కొడితే వచ్చేది తక్కువ, బెజవాడ అని జడ్ అక్షరంతో కొట్టాలి. కృష్ణా జిల్లాని అప్పట్లో 'కిస్ట్‌నా' అని రాసేవారు. గుంటూరు జిల్లా విడిగా ఏర్పడింది 1904లో, ప్రకాశం జిల్లా వచ్చింది 1970లో. మధ్య కాలంలో ఒంగోలు మనిషి కూడా గుంటూరు జిల్లా మనిషే. అలాగే పశ్చిమ గోదావరి జిల్లా 1925లో విడిపోయింది కాబట్టి మొదటి యుద్ధం కాగితాల్లో 'కిస్ట్‌నా' అని ఉన్నవాడిది ఏలూరో భీమవరమో అయ్యుండొచ్చు. ఇప్పటి ఎన్టీఆర్, పల్నాడు, బాపట్ల జిల్లాల పేర్లతో వెతికితే ఏమీ రాదని వేరే చెప్పక్కర్లేదు.

రంగం వెళ్లినవాళ్ల విషయంలో ఇంకో చిక్కు. బర్మాని 1937 ఏప్రిల్ 1న ఇండియా నుంచి విడదీశారు. ఆ తర్వాత అక్కడి సైన్యం వేరు. రేవులో కూలీగానో, మిల్లులో గుమాస్తాగానో ఉన్న మన మనిషి 1940లో రంగూన్‌లోనే చేరితే బర్మా దళాల్లో, అంటే బర్మా ఫ్రాంటియర్ ఫోర్స్ లాంటివాటిలో, ఉండే అవకాశం ఉంది. ఫ్రాంటియర్ ఫోర్స్‌లో ఎక్కువమంది ఇండియన్లు, గూర్ఖాలే. అలాంటివాడి కోసం మద్రాసు రెజిమెంటు కాగితాలు ఎంత తిరగేసినా దొరకడు. పైగా భార్య చిరునామా కూడా రంగూన్ అనే రాసి ఉండొచ్చు. ఆ ఊరి పేరుతో కూడా ఒకసారి వెతకాలి.

ఇప్పుడు జబ్బు సంగతి. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద బాంబులు పడ్డాయి, 1942 మార్చి 8కి ఊరు జపాన్ చేతికి వెళ్లింది. సైన్యం ఉత్తరానికి తగ్గుతూ తగ్గుతూ మే నెలలో వానలు దిగే వేళకి సరిహద్దు ఊరు టమూ మీదుగా ఇంఫాల్ చేరింది. నడిచొచ్చినవాళ్లలో మలేరియా, విరేచనాలు పట్టనివాళ్లు తక్కువ. అక్కడి నుంచి రోగుల్ని రైళ్లలో అస్సాం, బెంగాల్, రాంచీ ఆస్పత్రులకి తరలించారు. అందుకే "మా తాత బర్మాలో పోయాడు" అని ఇంట్లో చెప్పుకునే మనిషి నిజానికి గౌహతిలోనో రాంచీలోనో పోయి ఉండొచ్చు. ఇంట్లోవాళ్లు అబద్ధం చెప్పలేదు, వాళ్లకి అటువైపంతా బర్మాయే.

1943లో ఆ సరిహద్దు మీద ఒక సైనికుణ్ని గాయంతో వెనక్కి పంపితే 120 మందిని జబ్బుతో పంపాల్సి వచ్చింది. మలేరియా ఒక్కటే ఏడాదికి మొత్తం బలగంలో 84 శాతం లెక్కన కొట్టింది. కారణం దోమ ఒక్కటే కాదు. అప్పటిదాకా ప్రపంచానికి క్వినైన్ పంపేది జావా. 1942 మార్చిలో అది జపాన్ వశమైంది. దాని బదులు మెపాక్రిన్ అనే పసుపు మాత్ర ఇచ్చారు. రోజుకొకటి. ఒళ్లు పసుపెక్కేది, మగతనం పోతుందని పుకారు పుట్టింది, సిపాయిలు నాలిక కింద పెట్టుకుని ఉమ్మేసేవారు. చివరికి వరసలో నిలబెట్టి ఆఫీసరు కళ్లెదుటే మింగించారు. అలా చేయించని దళాల అధికారుల్ని కొందరిని పదవిలోంచి తీసేశారు కూడా. 1945కి జబ్బులు బాగా తగ్గిపోయాయి. కాబట్టి మీ మనిషి 1943లో పోయాడా, 1945లో పోయాడా అన్నదాన్ని బట్టి ఏ జబ్బయ్యుంటుందో ఊహ మారుతుంది.

ఇంట్లో పాత టెలిగ్రామో, ఆస్పత్రి కాగితమో ఉంటే పొడి అక్షరాలు చూడండి. 'బి.టి.' అంటే ప్రాణం మీదకి తక్కువగా తెచ్చే రకం మలేరియా, 'ఎమ్.టి.' అంటే మెదడుకెక్కి చంపే రకం. 'పి.యు.ఓ.' అంటే ఏం జ్వరమో తేలలేదని. 'ఎంటరిక్' అంటే టైఫాయిడ్. 'డి.ఐ. లిస్టు' అంటే ప్రాణాపాయంలో ఉన్నవాళ్ల జాబితా. అందులో పెట్టినప్పుడు ఒక తంతి, పోయాక ఇంకోటి రావాలి. ఒకటే దొరికితే రెండోది ఎక్కడో ఉందేమో వెతకండి, ట్రంకుపెట్టె అడుగున కాగితాల మధ్య అతుక్కుపోయి కూడా ఉంటాయి.

తేలని జ్వరాల్లో కొన్ని స్క్రబ్ టైఫస్. గడ్డిలో ఉండే, కంటికి ఆనని పురుగు పిల్లలు కుట్టిన చోట నల్లటి పొక్కు కడుతుంది. జ్వరం దిగదు, రెండో వారానికి మనిషి మాట తడబడుతుంది. అప్పట్లో దానికి మందే లేదు, ప్రయత్నమల్లా నర్సింగే. పనిచేసే మందు దొరికింది 1948లో. ఇప్పుడు మన జిల్లాల్లోనే ఈ జ్వరం వస్తే డాక్సీసైక్లిన్‌తో నయం చేస్తున్నారు. విరేచనాలకైతే యుద్ధం మధ్యలో సల్ఫాగ్వానిడిన్ వచ్చాక చావులు తగ్గాయి, అమీబా రకానికి ఎమెటిన్ సూదులు.

ఆస్పత్రిని బట్టి శ్మశానం. చిట్టగాంగ్, గౌహతి, డిగ్బోయి, రాంచీ, కొమిల్లా పక్కన మైనామతి... వీటిలో ఎక్కువ భాగం చుట్టుపక్కల మిలిటరీ ఆస్పత్రుల్లో పోయినవాళ్ల సమాధులే. ఇక్కడ మతం చూడాలి. గుంటూరు లూథరన్, బాపట్ల వైపు బాప్టిస్టు కుటుంబాల మనిషైతే పూడ్చారు, సమాధి మీద పేరుంటుంది. హిందువైతే దహనం చేశారు, సమాధి వెతికితే ఉండదు. పేరు దహన స్మారకం మీద ఉంటుంది. ఇంఫాల్ ఇండియన్ ఆర్మీ శ్మశానంలోని అలాంటి స్మారకం మీద 868 మంది హిందూ, సిక్కు సైనికులు, కోహిమాలో 917 మంది ఉన్నారు. రంగూన్‌కి ఉత్తరాన టాక్యాన్‌లో ఇంకో వెయ్యి మందికి పైగా. ఏదీ తెలియనివాళ్ల పేర్లు అదే టాక్యాన్‌లో రంగూన్ మెమోరియల్ స్తంభాల మీద, దాదాపు 27 వేలు. వెబ్‌సైటులో 'ఫేస్' అని ఒక అంకె ఇస్తారు, అంటే స్తంభం మీద ఏ ముఖమో. ఆ అంకె రాసుకోకుండా వెళ్తే రోజంతా మెడ నొప్పే. కోహిమా, ఇంఫాల్ వెళ్లాలంటే మనకి కూడా ఇన్నర్ లైన్ పర్మిట్ కావాలి.

క్రైస్తవ కుటుంబాలకి ఇంకో సాయం ఉంది. గుంటూరులో లూథరన్ మిషన్ 1842 నుంచి ఉంది. బాప్తిస్మం, పెళ్లి రిజిస్టర్లు దాచిన సంఘాల్లో పుట్టిన తేదీ, తండ్రి పేరు దొరుకుతాయి. పటాలం కాగితంలోని వయసుతో అది కలవకపోతే కంగారు పడొద్దు. చేరడానికి వయసు అటూ ఇటూ చెప్పడం అప్పట్లో మామూలే.

మలయా తోటలకి వెళ్లి, సింగపూర్‌లో 1942 ఫిబ్రవరి 15న ఖైదీ అయినవాళ్ల దారి వేరు. చాలామంది ఇండియన్ ఖైదీల్ని జపాన్ వాళ్లు 1943లో న్యూగినీ, రబౌల్ వైపు ఓడల్లో తీసుకెళ్లారు. అక్కడ చంపింది ఎక్కువగా ఆకలీ, బెరిబెరీ. మరపట్టిన తెల్లబియ్యమే తిండైతే తవుడులో ఉండాల్సిన బి1 విటమిన్ ఒంటికి అందదు. కాళ్లు నీరు పట్టి, గుండె ఆగిపోతుంది. ఉప్పుడు బియ్యంలో ఉడకబెట్టేటప్పుడే ఆ విటమిన్ గింజలోపలికి వెళ్తుంది కాబట్టి అవి తినేవాళ్లకి ఈ ముప్పు తక్కువ. ఇలా పోయినవాళ్ల కోసం అక్కడి 'లే' అనే ఊరి, రబౌల్ శ్మశానాల జాబితాలు చూడాలి. ఖైదు నుంచి ఆజాద్ హింద్ ఫౌజులో చేరినవాడైతే కమిషన్ జాబితాలో ఆశ పెట్టుకోవద్దు. ఢిల్లీలోని నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ల అభిలేఖ్ పటల్ వెబ్‌సైటులో ఆ దస్త్రాలు వెతకాలి.

మొదటి యుద్ధంలో మెసొపొటేమియా, అంటే ఇప్పటి ఇరాక్, వెళ్లినవాళ్లకి కథ ఇంకోలా ఉంది. 1915 డిసెంబరు నుంచి 1916 ఏప్రిల్ 29 దాకా అక్కడి కుట్ అనే ఊరిని తుర్కీ సైన్యం ముట్టడించినప్పుడు తెల్లపిండి రొట్టె తిన్న ఇంగ్లీషువాళ్లకి బెరిబెరి వచ్చింది. ముతక పిండి తిన్న మనవాళ్లకి అది రాలేదు కానీ, కూరగాయలు లేక, గుర్రపు మాంసం తినక చిగుళ్లు వాచే స్కర్వీ వచ్చింది. అక్కడ సమాధి తెలియనివాళ్లకి బస్రా మెమోరియల్ ఉంది, 40,500 మందికి పైగా. కానీ దాని రాతి పలకల మీద మన ఆఫీసర్ల పేర్లే చెక్కారు, మామూలు సిపాయిలని అంకెల్లో చూపించి పేర్లు రిజిస్టరుకి వదిలేశారు. ఇది అన్యాయమని కమిషనే 2021లో తన నివేదికలో ఒప్పుకుంది. కాబట్టి ఫోటోలో పలక మీద పేరు లేదని ఆగిపోకండి, జాబితాలో చూడండి. పంజాబుకి మొదటి యుద్ధం నాటి రిజిస్టర్లు లాహోర్‌లో దొరికి కంప్యూటరెక్కాయి. మద్రాసు ప్రెసిడెన్సీ వాళ్లం అవి చూసి ఆశపడి లాభం లేదు.

నంబరు, దళం తేలాక ఆ దళం రికార్డాఫీసుకి రాయాలి. మద్రాసు రెజిమెంటుకి వెల్లింగ్టన్, మద్రాసు సాపర్లకి (ఇంజనీరు దళం) బెంగళూరు, ఆర్డినెన్సుకి (ఆయుధాలు, సామాను సరఫరా దళం) సికింద్రాబాదు. ఉత్తరంలో షీట్ రోల్, అంటే ఆ మనిషి సర్వీసు వివరాల కాగితం, మాత్రమే అడిగితే "గడువు దాటిన కాగితాలు ధ్వంసం చేశాం" అని ఒక్క లైను జవాబొస్తుంది. పెన్షన్ లేనివాళ్ల కాగితాలు 25 ఏళ్లకే తీసేస్తారు. అందుకని లాంగ్ రోల్‌లో ఉన్న ఎంట్రీ నకలు ఇవ్వమని విడిగా రాయండి. అది శాశ్వతంగా ఉంచే రిజిస్టరు. ఒక్క వరసే అయినా చేరిన తేదీ, పోయిన తేదీ, ఎందుకు పేరు కొట్టేశారో తెలుస్తుంది. సమాచార హక్కు కింద అయితే పది రూపాయల పోస్టల్ ఆర్డరు జత చేయాలి, వారసులమని చూపే కాగితం కూడా పెడితే మంచిది. ఈ ఉత్తరం మీద జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం సిఫారసు ఉంటే కదలిక వేగంగా ఉంటుంది.

తేదీ దొరికాక చాలా ఇళ్లలో ఒక పేచీ. ఇన్నేళ్లూ ఒక తిథికి తద్దినం పెడుతున్నారు, జాబితాలో తేదీ చూస్తే నెలా రెండు నెలల ముందుంది. ఇంట్లో గుర్తున్నది తంతి అందిన రోజు. అప్పటి పంచాంగం చూసి అసలు తిథికి మార్చుకోవాలా, పెద్దలు పెట్టినదే ఉంచాలా అన్నది పురోహితుడితో మాట్లాడుకోండి. కానీ వెతుకులాటలో మాత్రం ఇంటి తేదీని గట్టిగా పట్టుకోవద్దు. అంతకు ముందు మూడు నెలలు కూడా చూడాలి.

ఎక్కడా పేరు లేకపోతే? జబ్బుతో ఇంటికి పంపేశాక గుంటూరులోనో ఊళ్లోనో పోయినవాళ్ల విషయంలో ఇది జరుగుతుంది. సెలవు మీద వచ్చి పోతే సర్వీసులో ఉన్నట్టే లెక్క. డిశ్చార్జ్ అయ్యాక పోతే మాత్రం ఆ జబ్బు సర్వీసు వల్లే వచ్చిందని రుజువు చేయాలి. డిశ్చార్జ్ కాగితంలో కారణం, వితంతువుకి ఫ్యామిలీ పెన్షన్ వచ్చి ఉంటే ఆ పీపీఓ (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు) కాగితం, మరణ ధ్రువీకరణ ఈ మూడూ కావాలి. పట్టణంలో పోతే మున్సిపాలిటీ పాత జనన మరణ రిజిస్టరు, పల్లెలో అయితే మునసబు కరణాల నాటి రిజిస్టర్లు తహసీల్దారు ఆఫీసులో. అవి అందితే కమిషన్‌కి కొత్తగా పేరు చేర్చమని దరఖాస్తు పెట్టొచ్చు, ఇప్పటికీ చేరుస్తున్నారు. పంపేటప్పుడు జిరాక్సులూ స్కాన్లే పంపండి. అసలు కాగితాలు, మెడల్ ఎవరికీ ఇవ్వొద్దు, ఎంత పెద్ద ఆఫీసైనా సరే.